కుక్కకు అజిలిటీ సామాను ఇంట్లోనే ఎలా చేయాలి?

అజిలిటీ అంటే కుక్క ఒక వరుసలో పెట్టిన అడ్డంకులను దూకుతూ, దూరుతూ, ఎక్కి దిగుతూ పరుగెత్తే ఆట. పక్కనే మీరూ పరుగెత్తుతూ చేత్తో, మాటతో దారి చూపిస్తారు. 1978లో లండన్‌లో జరిగిన క్రఫ్ట్స్ డాగ్ షోలో, గుర్రాల జంపింగ్ పోటీల తరహాలో దీన్ని మొదటిసారి ప్రేక్షకుల ముందు ప్రదర్శించారు. ఇప్పుడు చాలా దేశాల్లో పోటీలు జరుగుతున్నాయి. పోటీల్లో వాడే సామాను కొనాలంటే ఖరీదు ఎక్కువ. ఇంటి దగ్గర నేర్పించడానికి అంత ఖర్చు అక్కర్లేదు. హార్డ్‌వేర్ షాపులో దొరికే పీవీసీ పైపులు, ఒకటి రెండు ప్లాస్టిక్ డ్రమ్ములు, ఒక మంచి చెక్క పలక ఉంటే చాలావరకు పని జరుగుతుంది.

ఏ వస్తువు తయారు చేసినా రెండు విషయాలు గుర్తుపెట్టుకోండి. కుక్క దూకేది ఏదైనా కాలు తగలగానే పడిపోవాలి. కుక్క ఎక్కేది ఏదైనా దాని కాళ్ల కింద జారకూడదు, కావాలని ఊగేలా చేసే పలక తప్ప ఏదీ ఊగకూడదు. గట్టిగా బిగించిన అడ్డకర్రకు కాలు తగిలితే కుక్క బోర్లా పడుతుంది. పలక ఒక్కసారి పక్కకు జరిగినా చాలు, చాలా కుక్కలు మళ్లీ దాని దగ్గరికి రావడానికి వెనకాడతాయి. పోయిన ధైర్యాన్ని మళ్లీ తెప్పించడం పలక చేయడం కంటే చాలా కష్టం. అందుకే కింద చెప్పిన కొలతల్లో ఎక్కడైనా అనుమానం వస్తే తక్కువ ఎత్తు, ఎక్కువ బరువున్న అడుగు వైపే మొగ్గండి.

మొదట కుక్క సంగతి

పైపులు కొనకముందే కుక్కను ఒకసారి పశువైద్యుడికి చూపించండి. తుంటి కీళ్లు, మోచేతులు, బరువు చూడమని అడగండి. ఒళ్లు చేసిన లాబ్రడార్ అయితే ముందు బరువు తగ్గించాలి, ఆ తర్వాతే దూకడం. డాష్‌హుండ్ లాంటి పొడవాటి నడుము కుక్కలకు వెన్నుపూస ఇబ్బందులు తొందరగా వస్తాయి కాబట్టి వాటికి గెంతులు వద్దు, సొరంగం, నేల మీది పలక చాలు. పగ్, బుల్‌డాగ్ లాంటి చప్పిడి ముక్కు కుక్కలు వేడికి తట్టుకోలేవు, త్వరగా ఆయాసపడతాయి. వాటితో ఆట రెండు మూడు నిమిషాలకు మించనివ్వకండి.

వయసు ఇంకా ముఖ్యం. ఎముకల చివర్లలో పెరిగే భాగం గట్టిపడటానికి చిన్న జాతుల్లో సుమారు ఏడాది, లాబ్రడార్, జర్మన్ షెపర్డ్ లాంటి పెద్ద జాతుల్లో ఏడాదిన్నర వరకు పడుతుంది. ఆలోపు ఎత్తులు దూకిస్తే ఆ దెబ్బ జీవితాంతం కీళ్ల మీద ఉండిపోవచ్చు. బెల్జియం కేంద్రంగా పనిచేసే అంతర్జాతీయ కుక్కల సమాఖ్య ఎఫ్‌సీఐ పోటీల్లో 18 నెలలు నిండని కుక్కలను అనుమతించరు. పిల్ల కుక్కకు నేల మీద పెట్టిన బార్, అంటే అడ్డకర్ర, దాటించడం, సొరంగంలో దూరడం, పీట మీద కూర్చోవడం నేర్పుతూ ఉండండి. ఎత్తు తర్వాత పెంచుకోవచ్చు.

కుక్కకు మంచి జాతి కావాలన్న బెంగ పెట్టుకోకండి. మన ఊళ్లలో తిరిగే నాటు కుక్కలకు తేలికైన ఒళ్లు, పొడవాటి కాళ్లు, చురుకైన మలుపు పుట్టుకతోనే ఉంటాయి. కొల్లేరు చుట్టుపక్కల బాతుల మందలను కాయడానికి పెంచిన జొనంగి కుక్కలను చూసినవాళ్లకు ఆ మలుపు ఏమిటో తెలుసు. వీధిలోంచి తెచ్చి పెంచుకుంటున్న కుక్క ఈ ఆటకు బాగా సరిపోతుందని నేను గట్టిగా చెప్తాను.

ఇక కొలత. కుక్కను గోడ పక్కన నిటారుగా నిలబెట్టి, మెడ మొదలయ్యే చోట భుజాల మధ్య ఉన్న మూపు మీద ఒక పుస్తకం అడ్డంగా పెట్టి, అది గోడకు తగిలిన చోట పెన్సిల్‌తో గీత గీయండి. నేల నుంచి ఆ గీతకు ఉన్న ఎత్తు రాసిపెట్టుకోండి. నేల నుంచి మోచేతి ఎత్తు కూడా కొలవండి. ముందుముందు రెండూ అవసరమవుతాయి.

ఎక్కడ ఆడించాలి

పచ్చిక ఉన్న మట్టి నేల అన్నింటికంటే మంచిది. గులకరాళ్లు ఏరేసిన ఎర్రమట్టి నేల కూడా పనికొస్తుంది. నాపరాళ్లు, టైల్స్ పరిచిన చోట దూకిస్తే దిగేటప్పుడు కాళ్లు జారి కండరాలు పట్టేస్తాయి. డాబా మీద గెంతులు అసలు పెట్టకండి. ఊపు మీద ఉన్న కుక్కకు పిట్టగోడ కూడా ఇంకో అడ్డంకిలాగే కనిపిస్తుంది. అపార్ట్‌మెంట్‌లో ఉండేవాళ్లు డాబా మీద రబ్బరు మ్యాట్లు పరిచి సొరంగం, పీట వరకు ఆడించవచ్చు, అదీ కుక్కకు తాడు కట్టి. మిగతావాటికి ఖాళీ స్థలమో, తెలిసినవాళ్ల తోటో చూసుకోవాలి.

గెంతు తయారీ

గెంతు అంటే రెండు స్టాండ్ల మీద బార్ ఆనించిన అడ్డంకి. ఎక్కువసార్లు వాడేది ఇదే కాబట్టి దీన్ని శ్రద్ధగా చేయండి. 6 మీటర్ల, అంటే 20 అడుగుల, ఒక అంగుళం పీవీసీ పైపు ఒకటి కొంటే ఒక గెంతు పూర్తిగా వస్తుంది, ఇంకో బార్ కూడా మిగులుతుంది. దానితో పాటు అదే సైజు టీలు (T ఆకారంలో మూడు నోళ్లుండే జాయింట్లు) 6, పైపు కొసలు మూసే ఎండ్ క్యాపులు 8, పైపులు అతికించే సొల్యూషన్ చిన్న డబ్బా ఒకటి, హాక్సా బ్లేడు, ఉప్పుకాగితం, పసుపు లేదా నీలం ఇన్సులేషన్ టేపు కావాలి.

పైపును ఇలా కోయండి: 30 సెంటీమీటర్ల ముక్కలు 4, 25 సెంటీమీటర్లవి 2, 5 సెంటీమీటర్లవి 2, నిలువు కర్రలకు 75 సెంటీమీటర్లవి 2, బార్ కోసం 120 సెంటీమీటర్లది 1. కోసిన ప్రతి అంచునూ ఉప్పుకాగితంతో రుద్దండి. పీవీసీ అంచు చర్మాన్ని చీల్చేంత పదునుగా ఉంటుంది.

ఇప్పుడు స్టాండు. ఒక టీని నేల మీద పడుకోబెట్టండి. ఎదురెదురుగా ఉన్న రెండు రంధ్రాల్లో 30 సెంటీమీటర్ల ముక్కలు దూర్చండి. ఇవి కుక్క పరుగెత్తే దిశలో ముందుకూ వెనక్కూ ఉండే కాళ్లు. పక్కకు తిరిగిన మూడో రంధ్రంలో 5 సెంటీమీటర్ల ముక్క పెట్టి, దానికి ఇంకో టీ తగిలించండి. ఈ రెండో టీ నోరు పైకి చూడాలి. దాని అవతలి చివర 25 సెంటీమీటర్ల ముక్క పెడితే బయటి వైపు మూడో కాలు వస్తుంది. పైకి చూసే నోట్లో 75 సెంటీమీటర్ల నిలువు కర్ర నిలబెట్టండి. మూడు కాళ్ల చివరలకూ, నిలువు కర్ర పైకొసకూ క్యాపులు వేయండి. రెండో స్టాండు కూడా ఇలాగే. రెండు స్టాండ్లను కలుపుతూ కింద పైపు ఏదీ లేదని గమనించే ఉంటారు, అది కావాలనే వదిలేసింది. అక్కడ కదలని పైపు ఉంటే కుక్క కాలు దానికే తగులుతుంది.

సొల్యూషన్ అడుగు భాగానికి మాత్రమే రాయండి. నిలువు కర్రను ఊరికే దూర్చి వదిలేస్తే దాచుకునేటప్పుడు విడదీయవచ్చు, గట్టి దెబ్బ తగిలినప్పుడు అదే ఊడిపోతుంది. స్టాండు తేలిగ్గా ఉంటుంది కాబట్టి బయటి కాలు మీద చిన్న ఇసుక మూట పెట్టండి.

బార్ ఆనడానికి కొక్కెం కావాలి. మిగిలిన రెండు టీలు దీనికే. టీ పొడవాటి భాగంలో, పక్క నోటికి వెనకవైపు, మూడో వంతు చుట్టుకొలతను పొడవునా కోసి తీసేయండి. లోపల మధ్యలో ఉన్న చిన్న గట్టును ఆకురాయితో అరగదీయండి. ఇప్పుడు అది నిలువు కర్రను క్లిప్పులా పట్టుకుంటుంది, పైకీ కిందికీ జరపవచ్చు. పక్క నోటిలో పై సగం కంటే కొంచెం ఎక్కువే కోసేస్తే లోతు తక్కువ ఉన్న దోనె మిగులుతుంది. రెండు స్టాండ్ల దోనెలూ ఒకదానికొకటి ఎదురుగా చూసేలా పెట్టి బార్ వాటి మీద ఊరికే ఆనించండి. ఏ వైపు నుంచి తగిలినా బార్ దొర్లి కింద పడాలి. వేలితో నెట్టి రెండు వైపులా పరీక్షించండి. పడకపోతే దోనెను ఇంకా లోతు తగ్గించండి. క్లిప్పు జారుతుంటే నిలువు కర్రకు అక్కడ రెండు చుట్లు టేపు చుడితే సరిపోతుంది.

కొందరు నిలువు కర్రలకు రంధ్రాలు చేసి బోల్టులు దిగేసి, వాటి మీద బార్ పెడతారు. అలా చేస్తే బార్ ఒకవైపుకే పడుతుంది, రెండోవైపు నుంచి దూకితే కర్రలకు అడ్డం పడి ఆగిపోతుంది. పైగా బోల్టు మొన బయటికి పొడుచుకుని ఉంటుంది. ఆ పద్ధతి వద్దు. ఇనుప చువ్వ, లావు వెదురు కర్ర బార్‌గా వాడకండి. చిన్న కుక్కలకైతే బార్ కోసం కరెంటు వైరింగ్‌కు వాడే పలుచటి పైపు ఇంకా మంచిది.

బార్‌కు అడుగుకొక పట్టీ చొప్పున టేపు చుట్టండి. కుక్కలకు పసుపు, నీలం రంగులు బాగా తెలుస్తాయి, ఎరుపు ఆకుపచ్చల మధ్య తేడా సరిగా తెలియదు. పచ్చిక మీద ఎర్ర టేపు వాటికి వృథా.

ఎత్తు విషయానికి వస్తే, మొదట బార్ నేల మీదే పెట్టండి. కుక్క దాన్ని తడుముకోకుండా దాటుతున్నప్పుడు 10 సెంటీమీటర్లకు, అలా మెల్లగా మోచేతి ఎత్తుకు పెంచండి. ఇంటి సాధనకు అక్కడ ఆగితే చాలు. ఎఫ్‌సీఐ పోటీల్లో 35 సెంటీమీటర్ల కంటే తక్కువ మూపు ఎత్తున్న కుక్కలు 25 నుంచి 30 సెంటీమీటర్లు, 48 పైన ఉన్నవి 55 నుంచి 60 సెంటీమీటర్లు దూకుతాయి. అవి ఏళ్ల తరబడి తయారైన పెద్ద కుక్కలకు పెట్టిన ఎత్తులు. రోజూ చేసే సాధనలో ఆ ఎత్తులు దూకించి కీళ్లు అరగదీయాల్సిన పని లేదు.

పైపులు కొనే వీలు ఇంకా కుదరకపోతే రెండు ఖాళీ పెయింటు బకెట్లు బోర్లించి, వాటి మీద తేలికైన పైపు పెట్టి ఈ రోజే మొదలుపెట్టవచ్చు.

కర్రల వరుస

కుక్క పాములా మెలికలు తిరుగుతూ వెళ్లే కర్రల వరుస ఇది. పోటీలో 12 కర్రలు, ఒక్కో కర్ర మధ్య 60 సెంటీమీటర్ల దూరం. ఇంటికి 6 చాలు. అంగుళం పైపును 120 సెంటీమీటర్ల చొప్పున కోస్తే ఒక పొడుగు పైపుకు 5 వస్తాయి. గునపంతో గుంత చేసి 20 సెంటీమీటర్లు లోపలికి దించి, చుట్టూ మట్టి గట్టిగా కూరండి. పైన మీటరు మిగులుతుంది. భూమిలో ఇనుప చువ్వలు దిగేసి వాటి మీద పైపులు తొడిగే పద్ధతి సులువే గానీ, పైపు ఊడితే చువ్వ మొన పైకి చూస్తుంది. కుక్క దాని మీద పడితే ఏమవుతుందో ఆలోచించి మానేయండి.

నేర్పేటప్పుడు కర్రలను ఒకే గీతలో పెట్టకండి. ఒకటి విడిచి ఒకటి పక్కకు జరిపి, మధ్యలో కుక్క తిన్నగా నడిచే సందు వదలండి. రోజులు గడిచేకొద్దీ రెండు వరుసలనూ కొంచెం కొంచెం దగ్గరికి తెస్తే కుక్కకు మెలిక దానంతటదే వస్తుంది. మొదటి కర్ర ఎప్పుడూ కుక్క ఎడమ భుజం వైపు ఉండేలా లోపలికి పంపాలి. పోటీల్లో అదే నియమం, మొదటినుంచి అలవాటు చేస్తే మంచిది. వెన్ను బాగా మెలితిరిగే పని కాబట్టి పూర్తిగా ఎదగని కుక్కలకు ఇది వద్దు.

సొరంగం

200 లీటర్ల నీలం ప్లాస్టిక్ డ్రమ్ము వ్యాసం సుమారు 58 సెంటీమీటర్లు. పోటీ సొరంగం వ్యాసం 60, కాబట్టి దాదాపు సరిపోయినట్టే. డ్రమ్ము కొనేటప్పుడు ముందు అందులో ఏం పోశారో అడగండి. నీళ్లో, తినే సరుకో నిల్వ చేసినదైతే తీసుకోండి. యాసిడ్, రసాయనాలు, పురుగుమందు పోసినది ఎంత కడిగినా తీసుకోవద్దు. కుక్క అందులో ముక్కు పెట్టి వాసన చూస్తుంది, నాకుతుంది.

రెండు చివర్లూ కోసేయించి, అంచులు నున్నగా రుద్ది, ఒక పాత నీళ్ల గొట్టాన్ని పొడవునా చీల్చి అంచు చుట్టూ తొడగండి. రెండు డ్రమ్ములను కలపాలంటే గుండ్రటి తల ఉన్న బోల్టులు వాడండి. తల లోపలి వైపు, నట్టు బయటి వైపు రావాలి. లోపల అడుగున రబ్బరు మ్యాట్ వేస్తే కాళ్లు జారవు. దొర్లకుండా రెండు పక్కలా ఇసుక మూటలు గట్టిగా ఆనించండి. పిల్లలు ఆడుకునే గుడ్డ సొరంగం కూడా చిన్న కుక్కలకు పనికొస్తుంది, లోపలి తీగ ఎక్కడా బయటికి రాకుండా చూసుకుంటే చాలు.

ప్రతిసారీ కుక్కను పంపేముందు లోపలికి వంగి చూడండి. రాత్రంతా బయట ఉన్న డ్రమ్ములో పాము, తేలు, కందిరీగల గూడు ఉండవచ్చు. ఎండలో ఉంటే లోపల బాగా వేడెక్కుతుంది, నీడలోనే ఉంచండి.

మొదటి రోజు ఒక్క డ్రమ్ముతో మొదలుపెట్టండి. ఇంట్లోవాళ్లు ఎవరైనా కుక్కను ఒక చివర పట్టుకుంటే, మీరు రెండో చివర కూర్చుని కనపడుతూ పిలవండి. లోపలికి తోయకండి.

నడిచే పలక, ఊగే పలక

పోటీల్లో వాడే నడక పలక నేల నుంచి 120 సెంటీమీటర్లకు పైనే ఉంటుంది, రెండు వాలు గోడలు ఇంగ్లిష్ A అక్షరంలా కలిసే ‘ఏ-ఫ్రేమ్’ కొస 170 సెంటీమీటర్లు. ఈ రెండూ ఇంట్లో ఆ ఎత్తున చేయవద్దని నా గట్టి మాట. పరుగెత్తి వచ్చే 30 కిలోల కుక్క బరువును తట్టుకునే కీళ్లు, బిగింపులు వేయడం చేయి తిరిగిన వడ్రంగి పని. అంత ఎత్తు కావాలనుకున్న రోజు మంచి శిక్షణ కేంద్రానికి వెళ్లండి.

నేలకు దగ్గరగా ఉండే పలక మాత్రం తప్పకుండా చేయండి. 30 సెంటీమీటర్ల వెడల్పు, 8 అడుగుల పొడవు, వంగని మందం ఉన్న చెక్క కావాలి. ఇళ్లు కట్టే చోట వాడేసిన సెంట్రింగ్ పలక దొరికితే చవక, కానీ మేకులన్నీ పీకి, సిమెంటు పెచ్చులు గీకి, పేళ్లు లేవకుండా రుద్దాలి. పెయింటు వేసి అది తడిగా ఉండగానే జల్లించిన సన్న ఇసుక చల్లండి. ఆరాక ఇంకో పూత వేస్తే పట్టు వస్తుంది. మరీ గరుకుగా ఉంటే అరికాళ్లు ఒరుసుకుపోతాయి, మీ అరచేత్తో గట్టిగా రుద్ది చూస్తే తెలుస్తుంది. రెండు చివర్లలో రెండేసి అడుగులు పసుపు రంగు వేయండి. పోటీల్లో కుక్క కనీసం ఒక పాదమైనా ఆ రంగు భాగంలో పెట్టి దిగాలి. పై నుంచి దూకేయకుండా చివరిదాకా నడవడం ఇక్కడే అలవాటవుతుంది.

మొదట పలకను నేల మీద పడుకోబెట్టి నడిపించండి. తర్వాత రెండు చివర్లా వెడల్పుగా పడుకోబెట్టిన ఒక్కో ఇటుక. ఆ తర్వాత సిమెంటు బ్లాకులు. పలక ఎత్తయినకొద్దీ ఎక్కడానికి, దిగడానికి రెండు పక్కలా వాలు పలకలు కావాలి. ప్రతి దశలో మీరే ఒక కాలు వేసి బరువు మోపి ఊపి చూడండి.

ఊగే పలకతో చాలా కుక్కలకు వచ్చే భయం ఎత్తు వల్ల కాదు, పలక కొస నేలకు తగిలినప్పుడు వచ్చే చప్పుడు వల్ల. అందుకే ముందు రెండడుగుల చదరపు ప్లైవుడ్ ముక్క కింద మధ్యలో ఒక టెన్నిస్ బంతిని సాక్సులో పెట్టి బిగించి, దాని మీద ఒక్కో కాలు పెట్టిన ప్రతిసారీ తినడానికి ఏదైనా ఇవ్వండి. అది ఆటగా మారాక ఆ 8 అడుగుల పలక కింద మధ్యలో 10, 15 సెంటీమీటర్ల ఎత్తు దిమ్మ మీద అడ్డంగా ఇనుప పైపు బిగించి ఊగేలా చేయండి. పలక పక్కలకు జారకుండా పైపుకు రెండు వైపులా కింద చెక్క ముక్కలు కొట్టాలి. రెండు కొసల కిందా మడత పెట్టిన గోనెసంచులు పరిచి చప్పుడు తగ్గించండి. కుక్క అలవాటు పడేకొద్దీ ఒక్కో మడత తీసేస్తూ పోవచ్చు. కుక్క ఎక్కనంటే తాడు పట్టి లాగకండి, ఎత్తుకుని పైన నిలబెట్టకండి. తనంతట తాను వేసిన ఒక్క అడుగుకే బహుమతి ఇవ్వండి.

పీట గురించి ఎక్కువ చెప్పేదేమీ లేదు. మూడడుగుల చదరపు ప్లైవుడ్‌కు జానెడు కాళ్లు బిగించి పైన మ్యాట్ అంటించండి. పరుగు మధ్యలో దాని మీద ఆగి కూర్చోవడం నేర్పితే ఉరకలేసే కుక్క మళ్లీ మీ మాట వింటుంది. వేలాడదీసిన బండి టైరులోంచి దూకించడం చూడటానికి బాగుంటుంది గానీ టైరు విడిపోదు, కాలు ఇరుక్కుంటుంది. పోటీల్లో కూడా ఇప్పుడు తగిలితే విడిపోయే టైర్లే వాడుతున్నారు. ఇంటి దగ్గర దాన్ని పూర్తిగా వదిలేయండి.

ఆడించే తీరు

మన ఎండల్లో తెల్లవారుజామునో, పొద్దు గుంకాకో తప్ప ఆడించవద్దు. అరచెయ్యి వెనకవైపును నేలకు ఆనించి 7 సెకన్లు ఉంచలేకపోతే ఆ నేల కుక్క పాదాలకు పనికిరాదు. ముందు 5 నిమిషాలు నడిపించి ఒళ్లు వేడెక్కనివ్వండి. వేలాడే గంటలు, బిళ్లలు ఉన్న మెడపట్టీ, బిగుసుకునే గొలుసు తీసేయండి, అవి పైపులకు చిక్కుకుంటాయి. గోళ్లు కత్తిరించి ఉండాలి. కడుపు నిండా తిన్న వెంటనే పరుగులు వద్దు.

తాయిలంగా ఉప్పూకారం లేకుండా ఉడికించిన కోడిమాంసం చిన్న ముక్కలు చాలు. చాక్లెట్, ద్రాక్ష, ఎండుద్రాక్ష కుక్కకు విషం. ఒక పూటకు 10 నిమిషాలు ఆడిస్తే సరిపోతుంది, కుక్క ఇంకా కావాలంటున్నప్పుడే ఆపండి. విడివిడిగా అన్నీ వచ్చాక గెంతు, సొరంగం, మళ్లీ గెంతు అని మూడింటిని కలపండి. వాటి మధ్య 5 మీటర్ల దూరం ఉంచితే కుక్కకు అడుగులు సర్దుకునే వీలుంటుంది.

నాలుక బాగా బయటికి వేలాడేసి ఆగకుండా రొప్పుతున్నా, చిగుళ్లు ఎర్రబడినా, నడక తూలినా వెంటనే నీడకు తీసుకెళ్లి ఒంటి మీద నీళ్లు పోసి గాలి తగిలేలా చేయండి, తాగడానికి నీళ్లు పెట్టండి. తేరుకోకపోతే ఆసుపత్రికి తీసుకెళ్లాల్సిందే.

ఆట అయ్యాక పైపులు నీడలో దాచండి. ఎండకు పీవీసీ పెళుసుబారుతుంది, పగిలిన పైపు అంచు కత్తిలా కోస్తుంది. వానాకాలంలో చెక్క పలకను నేల మీద వదలకుండా గోడకు నిలబెట్టండి, ఉబ్బిన ప్లైవుడ్‌ను మార్చేయండి. వారానికోసారి ప్రతి బోల్టునూ చేత్తో తిప్పి చూడండి. నిన్నటిదాకా హాయిగా దాటిన ఎత్తులో కుక్క బార్ పదేపదే పడేస్తుంటే, దూకేముందు తటపటాయిస్తుంటే, దాన్ని మొండితనం అనుకోకండి. బార్ నేల మీదికి దించి రెండు రోజులు విశ్రాంతి ఇవ్వండి. అప్పటికీ అలాగే ఉంటే ఎక్కడో నొప్పి ఉన్నట్టే, పశువైద్యుడి దగ్గర కాళ్లు, నడుము పరీక్ష చేయించండి.